ఉప్పు మళ్లకు నీళ్లెక్కడ్నించి వస్తన్నాయి? – కాగితం మీద నైరూప్య ప్రకృతి చిత్రాల గురించి

ఇసకపల్లి గాలి – శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నెల్లూరు దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. నాలుగేళ్లుగా ఒకే పని మీద ఉన్నాను. అల్లూరు మండలం ఇసకపల్లి ఉప్పు కొఠార్లను, అంటే సముద్రపు నీళ్లతో ఉప్పు పండించే మళ్లను, కాగితం మీద వేస్తున్నా. గుడిసె, మనిషి, పడవ, ఆకాశం ఏవీ ఉండవు. గట్లు, మళ్లు, వాటి మధ్య తెలుపులు, బూడిద రంగులు, అక్కడక్కడా తుప్పు ఎరుపు, అంతే. 22×30 అంగుళాల షీటు, 300 జీఎస్ఎం కాటన్ కాగితం. ఇప్పటికి ఇరవైరెండు పూర్తయినాయి.

పోయిన వారం మా పెదనాయన ఇంటికొచ్చాడు. వయసులో ఉన్నప్పుడంతా ఆ కొఠార్లలోనే పనిచేసిన మనిషి. గోడకు ఆనించిన మూడు బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాడు (వాటి ఫొటోలు 'ఉప్పు మళ్లు' అన్న పేరుతో కింద పెట్టాను). బొమ్మ ఏదీ అని అడుగుతాడనుకున్నా. అడగలా. మధ్య షీటులో ఒక మడి మీద వేలు పెట్టి, "ఈ మడికి నీళ్లెక్కడ్నించి వస్తన్నాయమ్మా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ మడికి నాలుగు పక్కలా గట్టే. ఆ ఆకారం అక్కడ పడితే షీటు నిలబడుతుందని వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నైరూప్య చిత్రం తప్పు కావడం అనేది ఉంటుందా? ఉంటే ఆ తప్పు ఎవరి లెక్కలో తప్పు? మీలో బొమ్మలు వేసేవాళ్లు, ఉప్పు తెలిసినవాళ్లు, ఇద్దరూ చెప్పండి.

పొదిలి ఎండ – శనివారం, రాత్రి 10:02

అక్కా, నేను బొమ్మల మనిషిని కాదు, మనసులో ఉన్నది అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు. మీరు పెట్టిన మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశా. మొదటిది బాగుంది, ఎందుకో తెలియదు. రెండోదాంట్లో ఎక్కడ చూడాలో తెలియలేదు. గేదె బొమ్మ అయితే గేదెను చూస్తాం. దీంట్లో కన్ను ఎక్కడ మొదలుపెట్టాలి?

నిలువుగీత – శనివారం, రాత్రి 11:35

@పొదిలి ఎండ అన్నా, మంచి ప్రశ్న. నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నా, ఊరు కావలి. మీ కన్ను మొదట ఎక్కడికి పోతే అక్కడే మొదలు. ఇలాంటి బొమ్మకు గుమ్మం ఒక్కటే ఉండదు.

@ఇసకపల్లి గాలి మేడమ్, మీ పెదనాయన గారి మీద గౌరవంతోనే చెబుతున్నా, మీరు ఆ మడిని మార్చకండి. నస్రీన్ మొహమ్మదీ పని చూశారా? 1937లో కరాచీలో పుట్టారు, 1972 నుంచి బరోడాలో పాఠాలు చెప్పారు, 1990లో పోయారు. కాగితం, పెన్సిలు, ఇండియన్ ఇంకు, గీతలు. ఎడారినీ సముద్రాన్నీ మగ్గం దారాలనూ ఫొటోలు తీసుకునేవారు గానీ బతికుండగా ఆ ఫొటోలను ప్రదర్శనకు పెట్టలేదు. ఆ గీత ఏ మగ్గానిదో ఎవరూ అడగరు. గీతకూ గీతకూ మధ్య ఉన్న ఎడమే అక్కడ బొమ్మ. మీ షీటుకు ఆ మూసుకుపోయిన మడి కావాల్సొచ్చింది, వేశారు. దానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

కొఠారు కుర్రోడు – ఆదివారం, ఉదయం 6:20

మాది కనపర్తి, నాగులుప్పలపాడు మండలం. తాత నాటి నుంచీ ఉప్పే. పొద్దున్నే నీళ్లు పెట్టి వచ్చి ఇది రాస్తన్నా.

మేడమ్, మీ పెదనాయన అడిగింది ఉప్పు పనిలో మొట్టమొదటి ప్రశ్న. బయటోళ్లకు కొఠారంటే తెల్లటి కుప్పలు. మాకు కొఠారంటే నీళ్ల నడక. సముద్రపు నీళ్లు, చిక్కదనం డిగ్రీల్లో కొలిచే గొట్టం మీద, మూడు, మూడున్నర చూపిస్తయ్. ముందు వాటిని పెద్ద మడిలో నిలబెడతాం. ఎండకు, గాలికి చిక్కబడే కొద్దీ ఒక మడి నుంచి ఇంకో మడికి దించుతాం. ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఉప్పు పడటం మొదలవుద్ది. ఇరవై తొమ్మిది, ముప్పై దాటనిస్తే ఆ నీళ్లలో మిగిలేది చేదు. అది ఉప్పులో కలిస్తే సరుకు చెడుద్ది, అందుకే ఆ నీళ్లు బయటికి వదిలేస్తాం.

అంటే ఒకే రోజు, ఒకే ఎండలో, పక్కపక్క మళ్లు ఒకలా ఉండవు. మూడు డిగ్రీల మడిలో ఆకాశం కనపడుద్ది. పది దాటాక నీళ్లు బరువెక్కినట్టుంటయ్, గాలి తోలినా పెద్దగా అల లేవదు. ఇరవై దాటినాక కొన్ని మళ్లు గులాబీకి తిరుగుతయ్. ఇరవై ఐదుకు నీళ్ల మీద పొర తేలుద్ది, మజ్జిగ మీద మీగడ లాగా, దాన్ని కదిలిస్తే మునిగిపోద్ది. మీ మూడో షీటులో మళ్లన్నీ ఒకే తెలుపు. అన్ని మళ్లూ ఒకేసారి పండిన రోజు నేను పుట్టాక చూడలా.

బొమ్మ నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే ఇంత రాశా.

నిలువుగీత – ఆదివారం, ఉదయం 8:15

@కొఠారు కుర్రోడు అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివా. మీగడ పొర మాట మర్చిపోలేను. కానీ మీరు అడుగుతున్నది ప్లాను. బొమ్మ ప్లాను కాదు గదా. పటం గీసే సర్వేయరుకు నీళ్లు ఎటు పోతాయో కావాలి, చిత్రకారిణికి ఎందుకు?

కొఠారు కుర్రోడు – ఆదివారం, ఉదయం 8:40

ప్లాను గీయమనటం లేదు తమ్ముడూ. మేడమ్ ఆ బొమ్మ కింద 'ఉప్పు మళ్లు' అని రాసింది. ఏ పేరూ పెట్టకపోతే నేను నోరెత్తేవాణ్ణి కాదు. పేరు పెట్టినాక మాకూ ఒక మాట చెప్పే హక్కు ఉంటది.

హౌరా మెయిల్ – ఆదివారం, మధ్యాహ్నం 3:30

రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు బిట్రగుంటలో ఉంటున్నాను. కలకత్తాలో పన్నెండేళ్లు ఉన్నప్పుడు సెలవు దొరికితే బొమ్మలు చూసేవాణ్ణి. అక్కడ నన్ను పట్టుకున్న మనిషి గణేశ్ హాలోయి. ఈ చర్చ చదువుతుంటే ఆయనే గుర్తొస్తున్నారు, కొంచెం వివరంగా రాయనివ్వండి.

1936లో జమాల్‌పూర్‌లో పుట్టారు, ఇప్పుడది బంగ్లాదేశ్. పాత బ్రహ్మపుత్ర ఒడ్డున ఊరు. దేశవిభజన తర్వాత 1950లో కుటుంబం కలకత్తా వచ్చింది. అక్కడి ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో చదువుకున్నారు. తర్వాత పురావస్తు శాఖ ఆయన్ని అజంతాకు పంపింది, గుహల్లో కుడ్యచిత్రాలకు నకళ్లు తీసే పనికి. ఏళ్లకేళ్లు అదే పని. ఒక్కసారి ఊహించండి, చీకటి గుహలో దీపం పెట్టుకుని, ఎవరో వందల ఏళ్ల కిందట వేసిన గీతను ఉన్నది ఉన్నట్టు దించడం. అంత నిఖార్సుగా నకలు తీయగల చెయ్యి ఆయనది. ఆ చెయ్యే తర్వాత మనుషుల్నీ చెట్లనీ వదిలేసి పచ్చటి పొర మీద నాలుగు గీతలు, రెండు చుక్కలు, ఒక వంపు పెట్టి ఆగిపోవడం నేర్చుకుంది. ఎక్కువగా కాగితం మీదే, గ్వాష్‌తో. మామూలు నీటిరంగులో అడుగున కాగితం కనిపిస్తుంది, గ్వాష్ కప్పేస్తుంది, ఆరాక సున్నం కొట్టిన గోడలా మెరుపు లేకుండా ఉంటుంది. నేపాలీ చేతి కాగితం కూడా వాడారు. 2017లో డాక్యుమెంటా అనే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆయన పని పెట్టారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటింది.

నేను మొదటిసారి చూసిన షీటు వరిమడి పచ్చ. అందులో ఒక గట్టు లాంటిది, ఒక చీలిక లాంటిది, నీళ్లు అనిపించే ఖాళీ. పక్కనున్న బెంగాలీ పెద్దాయన ఏమీ మాట్లాడకుండా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాకు మాత్రం మా అమ్మమ్మ ఊరి చెరువు కింద ఆయకట్టు కనిపించింది, కొడవలూరు దగ్గర. బ్రహ్మపుత్ర ఎక్కడ, పెన్న ఎక్కడ!

ఇప్పుడు నా మాట. నిలువుగీత బాబు అన్నట్టు బొమ్మ ప్లాను కాదు. కానీ హాలోయి ఖాళీలో నీళ్లు ఉన్నాయని నమ్మకం ఎందుకు కలిగింది? ఆయన చిన్నప్పుడు నీళ్ల పక్కన బతికాడు కాబట్టి. గట్టు ఎక్కడ మెత్తబడుతుందో, నీరు ఎక్కడ ఆగుతుందో ఆయన చేతికి తెలుసు. తెలిసి వదిలేయడం వేరు, తెలియక వదిలేయడం వేరు. చూసేవాడు ఆ తేడా పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు, కానీ కంటికి తగులుతుంది. మీ పెదనాయన కంటికి తగిలింది అదేనని నా అభిప్రాయం.

పొదిలి ఎండ – ఆదివారం, రాత్రి 9:48

హౌరా మెయిల్ సార్, మీ పోస్టు చదివి ఒక సంగతి చెప్పాలనిపించింది.

మాకు పొదిలి పక్కన మూడెకరాల మెట్ట ఉండేది. నాయన ఆరోగ్యం కోసం అమ్మేశాం. పోయిన ఏడు ఒక రాత్రి ఫోనులో ఉపగ్రహం ఫొటోలో మా ఊరు వెతికా. ఇళ్లు గుర్తు పట్టలేకపోయా. చెరువు కట్ట వంపు పట్టుకుని పడమరకు జరిగితే, పసుపు రంగులో ఒక మూడు మూలల ముక్క. మాదే. మా చేను మూడు మూలలదని నాకు అప్పటిదాకా తెలియదు! లోపల నిలబడి దున్నినోళ్లకు ఆకారం ఎట్టా తెలుస్తది. చాలాసేపు దాన్నే చూస్తా కూర్చున్నా. దాంట్లో మనిషి లేడు, ఎద్దు లేదు, మా నాయన లేడు. అయినా అన్నీ ఉన్నయ్.

అక్కా, మీ మొదటి బొమ్మ నాకెందుకు నచ్చిందో ఇప్పుడు తెలిసింది. కుడివైపు పైన ఒక మూడు మూలల ముక్క ఉంది.

ఇసకపల్లి గాలి – ఆదివారం, రాత్రి 10:30

తమ్ముడూ, ఆ ముక్క ఇంకో ఆకారం అంచు కింద దాగి మిగిలింది. నేను కావాలని వేసింది కాదు, ఆఖర్లో కప్పేద్దామనుకుని ఆగాను. ఇక కప్పను.

హౌరా మెయిల్ గారూ, తెలిసి వదిలేయడం, తెలియక వదిలేయడం అన్నారే, అది నాకు సూటిగా తగిలింది. నేను కొఠార్లను చూసింది ఎక్కువగా బస్సు కిటికీలోంచి, గట్టు మీద నుంచి, సాయంత్రం పూట. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మడిలోకి దిగలేదు. కాగితం మీద మాత్రం రోజూ దిగుతున్నాననుకున్నా.

పలక–బలపం – సోమవారం, ఉదయం 7:05

మార్కాపురం నుంచి. మాటల్లో నేను తక్కువ, రంగుల్లో కొంచెం అనుభవం ఉంది. మేడమ్, మీరు ట్యూబు రంగులే వాడుతున్నారా? ఆ చోటి మట్టినే రంగు చేసుకోవచ్చు గదా. నేను మా పలకల రాతి పొడితో బూడిద రంగు చేస్తా. ట్యూబులో దొరికే బూడిద రంగులో ఆ నీలి చల్లదనం రాదు.

పద్ధతి తేలికే, ఓపిక కావాలి. మట్టిని బకెట్టులో బాగా కలిపి కొద్దిసేపు ఆగితే ఇసక అడుగుకు పోతుంది. పైన మబ్బుగా ఉన్న నీళ్లను ఇంకో బకెట్టులోకి వంచాలి. రాత్రంతా కదపకుండా పెడితే మెత్తటి ఒండు పేరుతుంది. ఆరబెట్టి, అద్దం మీద తుమ్మబంక నీళ్లతో, రెండు చుక్కల తేనెతో నూరాలి. గరగర చప్పుడు పోయేదాకా.

కానీ కొఠారు మట్టితో ఒక పేచీ. దాంట్లో ఉప్పు ఉంటుంది. మంచినీళ్లతో నాలుగైదుసార్లన్నా కడగాలి. కడిగిన ఒండును కొంచెం గాజు మీద ఆరబెట్టి చూడండి, తెల్లగా పూత లేస్తే ఇంకా ఉప్పుందన్నట్టు.

మీ నెల్లూరు జిల్లాకు ఇంకో భాగ్యం, అభ్రకం. సైదాపురం వైపు గనుల దిబ్బల మీద రేకులు దొరుకుతాయి. నూరి కొంచెం కలిపితే తడి మడి మీద వెలుగు పడ్డట్టుంటుంది. చిటికెడే, ఎక్కువైతే పెళ్లి కార్డులా అవుతుంది.

అట్ట–అద్దం – సోమవారం, ఉదయం 11:20

ఒంగోల్లో ఫ్రేములు కట్టేవాణ్ణి, ఇరవై ఏళ్ల పని. ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నా. అమ్మా, మీ రెండో షీటులో చుక్కలు విచ్చుకున్నట్టున్న గుర్తులు తడి రంగు మీద ఉప్పు చల్లినవేనా? అది అందమైన పద్ధతే, రవ్వ చుట్టూ నీటిని పీల్చుకుని పువ్వులా వస్తుంది. కానీ పూర్తిగా ఆరాక ఒక్క రవ్వ కూడా మిగలకుండా మెత్తటి బ్రష్షుతో దులిపేయండి. కాగితంలో మిగిలిన ఉప్పు గాలిలో తేమను లాగుతూనే ఉంటుంది. మన కోస్తాలో కార్తీకం వానలకు గోడలే చెమ్మగిల్లుతాయి, కాగితం సంగతి చెప్పాలా. బూజు వస్తుంది, తర్వాత గోధుమరంగు మచ్చలు. ఆ మచ్చలు ఇంట్లో తుడిస్తే పోయేవి కావు.

ఒక చేదు అనుభవం చెబుతా. ఒకాయన దగ్గర మంచి నీటిరంగు బొమ్మ ఉండేది. ఎక్కడో కట్టించాడు. కట్టినవాళ్లు షీటు వెనక మొత్తం జిగురు పూసి హార్డ్‌బోర్డుకు అతికించారు, ముందు అద్దం నేరుగా రంగుకు ఆనించారు. మూడు వర్షాకాలాల తర్వాత నా దగ్గరికి తెచ్చాడు. రంగు అద్దానికి అంటుకుని ఉంది. వెనక బోర్డు పులుపుకు కాగితం బిస్కెట్టులా పెళుసైంది. నేను ఏమీ చేయలేకపోయాను, చేతుల్లో పట్టుకుని కూర్చున్నా.

కాబట్టి ఎవరి దగ్గర కట్టించినా దగ్గరుండి అడగండి. బొమ్మకూ అద్దానికీ మధ్య కిటికీలా కోసిన కాటన్ అట్ట ఉండాలి. షీటును పై అంచున రెండు చోట్ల మాత్రమే, సన్న కాగితం పట్టీతో, గోధుమ గంజితో పట్టించాలి, కిందంతా స్వేచ్ఛగా వేలాడాలి. తేమకు కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, దానికి కదిలే చోటు ఇవ్వాలి. బయటి గోడకు తగిలించొద్దు. సముద్రం వైపు గోడకైతే అసలే వద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు పెడితే గాలి ఆడుతుంది.

ఇసకపల్లి గాలి – సోమవారం, రాత్రి 8:50

అట్ట–అద్దం గారూ, అవును, ఉప్పు చల్లినవే. ఇసకపల్లి ఉప్పే. దులిపాను కానీ పూర్తిగా కాదు, ఆ మెరుపు మిగలాలని కొన్ని రవ్వలు ఉంచేశాను. ఇప్పుడే భూతద్దంతో చూశా, ఒక మూల కాగితం కొంచెం ఉబ్బింది. రేపే దులుపుతా.

పలక–బలపం గారూ, మట్టి సంగతి మనసులో పడింది. అభ్రకం చిటికెడే.

నిలువుగీత – సోమవారం, రాత్రి 11:10

రోజంతా ఆలోచించా. నేను మొదట రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నా.

చిత్రకారుడు రాంకుమార్ గురించి మా క్లాసులో చెప్పారు. 1960లో ఇంకో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్‌తో కలిసి కాశీ వెళ్లారు. అంతకుముందు ఆయన బొమ్మల్లో దిగులు మనుషులు ఉండేవాళ్లు. కాశీ తర్వాత మనుషులు తగ్గి ఇళ్లు, గోడలు, మెట్లు, చివరికి అవీ పోయి రంగు పలకలే మిగిలాయి. అక్కడికి వెళ్లి, ఘాట్ల మీద నిలబడి, చూసి, తర్వాత వదిలేశాడు. వదిలేయడానికి ముందు ఏదో ఒకటి చేతిలో ఉండాలి గదా. హౌరా మెయిల్ సార్ చెప్పింది అదే, నాకు ఆలస్యంగా ఎక్కింది.

మిగతా సగం మాత్రం వదలను. మేడమ్, నీళ్లు వచ్చే దారి తెలుసుకున్నాక కూడా ఆ మూసిన మడి కావాలనిపిస్తే, ఉంచండి. నీళ్లు రాని మడి కూడా కొఠారులో ఉండొచ్చు.

కొఠారు కుర్రోడు – మంగళవారం, ఉదయం 6:45

తమ్ముడు బాగా చెప్పాడు. నీళ్లు రాని మళ్లు బోలెడు. మా వెనక వరసలో మూడు మళ్లు ఐదేళ్లుగా తొక్కలేదు. సీజను ముందు మడి నేలను కాళ్లతో తొక్కి గట్టి చేస్తేనే ఉప్పుకు మట్టి అంటదు. తొక్కేదానికి మనుషులు దొరకలా, కూలికీ ధరకూ పొత్తు కుదరలా, వదిలేశాం. వాటిల్లో ఇప్పుడు ఎర్రటి ఉప్పుకూర మొలిచింది. మేడమ్ వేసిన తుప్పు ఎరుపు అచ్చం అదే రంగు.

పెదనాయనకు ఆ మడి చూపించి, ఇది వదిలేసిన మడి పెదనాయనా అని చెప్పి చూడండి. ఏమంటాడో నాకూ తెలుసుకోవాలనుంది.

ఇసకపల్లి గాలి – మంగళవారం, రాత్రి 9:25

అడిగాను. ఫోనులో. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వదిలేసిన మడైతే గట్టు అంత నిటారుగా ఉండదమ్మా. వానకు కోసుకుపోద్ది. తూరుపు మూల ముందు జారుద్ది" అన్నాడు.

షీటు ముందు పెట్టుకుని కూర్చున్నా. నా గట్టు స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆ మూల మీద తడి బ్రష్షు పెట్టి రంగు ఎత్తేయొచ్చు, కాటన్ కాగితం ఒకటి రెండుసార్లు తట్టుకుంటుంది. చెయ్యి మాత్రం రాలేదు. దీన్ని ఇట్టాగే ఉంచి, ఇరవైమూడోది కొత్తగా మొదలుపెడతా. దానికి ముందు మడిలోకి దిగాలి. కొఠారు కుర్రోడు గారూ, ఈ ఆదివారం కనపర్తి రావచ్చా? పెదనాయన కూడా వస్తానంటున్నాడు, మీ వైపు మళ్లు ఎట్టా కట్టారో చూడాలంట.

పొదిలి ఎండ – మంగళవారం, రాత్రి 9:40

నేనూ వస్తా అక్కా. ఒంగోలు బస్టాండు నుంచి నా బండి మీద పోదాం, పెదనాయన్ను ఆటోలో ఎక్కిద్దాం.

కొఠారు కుర్రోడు – బుధవారం, ఉదయం 6:10

తప్పకుండా రండి. వానలు పడకముందే చూడాలి, ఒక్క గట్టి వాన పడితే చిక్కబడ్డ నీళ్లన్నీ మళ్లీ మొదటికొస్తయ్. నీళ్లు దించేది తెల్లారి ఐదున్నరకి. శనివారం రాత్రే మా ఇంటికొచ్చి పడుకోండి. చెప్పులు గట్టు మీదే వదిలేయాలి. కాళ్లకు చిన్న దెబ్బ ఉన్నా ముందు చెప్పండి, ఆ నీళ్లలో ఓర్చుకోలేరు. కాగితాలు తెచ్చుకుంటే ప్లాస్టిక్ సంచిలో చుట్టి తేండి మేడమ్, తెల్లవారుజాము గాలి తడిగా ఉంటది.

అట్ట–అద్దం – బుధవారం, ఉదయం 10:05

కాగితాల మధ్య పాత న్యూస్‌పేపరు పెట్టొద్దమ్మా, ఉతికిన నూలు గుడ్డ పెట్టండి. ఒంగోలు మీదుగానే పోతారు కాబట్టి శనివారం సాయంత్రం షాపు దగ్గర ఆగండి, ఆ ఉబ్బిన మూల నేను చూస్తా.